చెడిన చోటు గుర్తించి పక్కన పెట్టడం: ఇంటి హార్డ్‌డిస్క్ గురించి తల్లిదండ్రులకు ఒక పాఠం



ఈ నెల కంప్యూటర్ పాఠం మీ కోసం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివితే మరీ మంచిది.

ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉన్నా అందులో ఇంటిల్లిపాది సామాను ఉంటుంది. పిల్లల చిన్నప్పటి ఫోటోలు, తాతయ్య చివరి పుట్టినరోజు వీడియో, దుకాణం లెక్కలు, పెళ్ళి ఆల్బమ్, పదో తరగతి అమ్మాయి నెల రోజులు కూర్చుని చేసిన ప్రాజెక్టు. ఒకరోజు ఆ కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. ఫోటోల ఫోల్డర్ తెరిస్తే సగం కనిపించి ఆగిపోతుంది. ఒక ఫైల్ కాపీ చేస్తుంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది, చివరికి 'చదవలేకపోయాం' అని తెర మీద వస్తుంది. వైరస్ అని కొందరంటారు, ఫార్మాట్ కొట్టేయమని కొందరంటారు.

చాలాసార్లు అసలు కారణం హార్డ్‌డిస్క్‌లో కొన్ని చోట్లు చెడిపోవడమే. వాటినే బ్యాడ్ సెక్టార్లు అంటారు. అవి ఎలా వస్తాయి, కంప్యూటర్ వాటిని ఎలా గుర్తించి పక్కన పెడుతుంది, మనం ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నదే ఈ పాఠం. ఇందులో వరుస చాలా ముఖ్యం. వరుస తప్పితే దక్కేది కూడా దక్కదు.

పహాణీ తెలిస్తే డిస్క్ తెలిసినట్టే

హార్డ్‌డిస్క్‌ను ఒక ఊరి భూమి అనుకోండి. ఊరి భూమిని సర్వే నంబర్లుగా, ఎకరాలుగా, గుంటలుగా విభజించినట్టే డిస్క్‌ను చిన్న చిన్న గళ్ళుగా విభజిస్తారు. ఒక్కో గడిని సెక్టార్ అంటారు. చాలా కాలం ఒక సెక్టార్ అంటే 512 బైట్లు. 2011 ప్రాంతం నుంచి కొత్త డిస్కుల్లో 4,096 బైట్ల సెక్టార్లు వాడుకలోకి వచ్చాయి. పాత లెక్కన చూస్తే ఒక టెరాబైట్ డిస్క్‌లో 195 కోట్లకు పైగా సెక్టార్లు ఉంటాయి. అంత పెద్ద సంఖ్యలో ఏ పది చోట్లో చెడిపోవడం వింతేమీ కాదు.

ఇన్ని గళ్ళలో ఏ ఫైల్ ఎక్కడుందో రాసిపెట్టుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. అది ఊరి పహాణీ లాంటిది. ఏ నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఏది ఖాళీగా ఉంది అన్నీ అందులో ఉంటాయి. సౌకర్యం కోసం ఫైల్ సిస్టమ్ కొన్ని సెక్టార్లను కలిపి ఒక క్లస్టర్‌గా లెక్కిస్తుంది. విండోస్‌లో మామూలుగా ఒక క్లస్టర్ 4 కేబీ, అంటే 512 బైట్ల సెక్టార్లు ఎనిమిది. మీ ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫోటో ఒకటి ఇలాంటి క్లస్టర్లు 1,024 తీసుకుంటుంది.

మన వైపు భూమి రికార్డుల్లో 'పోట్ ఖరాబు' అనే మాట మీరు వినే ఉంటారు. ఐదెకరాల సర్వే నంబరులో బండలో, గుంతలో ఉండి 8 గుంటలు సాగుకు పనికిరాకపోతే వాటిని పోట్ ఖరాబు కింద రాస్తారు. సాగుభూమి 4 ఎకరాల 32 గుంటలు అవుతుంది. బండ ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. కానీ రికార్డులో రాసి ఉంది కాబట్టి ఎవరూ అక్కడ విత్తనం వేసి నష్టపోరు.

ఫైల్ సిస్టమ్ చేసేదీ సరిగ్గా ఇదే. చెడిన చోటును బాగు చేయదు. 'ఇక్కడ ఏమీ రాయొద్దు' అని రిజిస్టరులో రాసుకుంటుంది, తర్వాత వచ్చే ఫైళ్ళను అటు పోనివ్వదు.

ఏ ఫైల్ సిస్టమ్ ఎలా రాసుకుంటుంది

పాత పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో ఉండే ఫ్యాట్ పద్ధతిలో ప్రతి క్లస్టర్‌కూ పట్టికలో ఒక గడి ఉంటుంది. చెడిన క్లస్టర్ గడిలో ఒక ప్రత్యేక సంకేతం రాస్తారు. ఫ్యాట్16లో ఆ సంకేతం 'ఎఫ్ఎఫ్ఎఫ్7'. ఆ గుర్తు కనిపిస్తే కంప్యూటర్ దాన్ని దాటేసి ముందుకు పోతుంది.

ఇప్పటి విండోస్‌లో ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి ఇంకొంచెం తెలివైనది. అందులో 'బ్యాడ్‌క్లస్' అనే దాచిన ఫైల్ ఒకటి ఉంటుంది. చెడిన క్లస్టర్లన్నిటినీ ఆ ఫైల్ పేరు మీద రాసేస్తారు. ఒకరి పేరు మీద ఉన్న చోటును ఇంకొకరికి ఇవ్వరు కదా, అలా ఆ చోట్లు వేరే ఫైళ్ళకు అందకుండా పోతాయి. లినక్స్‌లో ఉండే ఈఎక్స్‌టీ పద్ధతిలోనూ ఇదే ఉపాయం. ప్రతి ఫైల్‌కూ ఐనోడ్ అనే నంబరు ఉంటుంది. అందులో 1వ నంబరును చెడిన బ్లాకుల కోసమే కేటాయించారు.

1980ల నాటి హార్డ్‌డిస్క్‌ల మీద ఒక చీటీ అంటించి ఉండేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే ఏయే చోట్లు చెడి ఉన్నాయో అందులో పట్టిక ఉండేది. డిస్క్‌ను సిద్ధం చేసే మనిషి ఆ పట్టిక చూసి చేత్తో టైప్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పట్టిక డిస్క్ లోపలే ఉంటుంది. అంటే కొత్త డిస్క్‌లో కూడా చెడిన చోట్లు ఉంటాయి, మనకు కనిపించవంతే.

డిస్క్ తనంతట తాను చేసుకునే పని

ఇప్పటి డిస్కుల్లో కొన్ని సెక్టార్లను అదనంగా దాచి ఉంచుతారు. ఒక చోటు చెడిందని తేలితే డిస్క్ లోపలి కంట్రోలర్ ఆ నంబరును ఒక కొత్త చోటుకు మళ్ళిస్తుంది. విండోస్‌కు ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

మరి సమస్య ఎక్కడ వస్తుంది? చెడిన చోట మీ ఫోటో ముక్క ఉంది అనుకుందాం. డిస్క్ దాన్ని చదవాలని చూస్తుంది, రాదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కంప్యూటర్ నెమ్మదించేది అందుకే. అందులో ఏముందో తెలియకుండా కొత్త చోటుకు మార్చడం కుదరదు. కాబట్టి డిస్క్ ఆ సెక్టార్‌ను 'పెండింగ్' జాబితాలో పెట్టి ఊరుకుంటుంది. ఎప్పుడైనా అదే నంబరులో కొత్తగా ఏదైనా రాయబోతే అప్పుడు పరీక్షిస్తుంది. రాయడం కుదిరితే సరే, కుదరకపోతే కొత్త చోటుకు మళ్ళిస్తుంది.

అందుకే చెడిన చోట్లు రెండు రకాలు. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ సెక్టార్‌లో సగం పాత సమాచారం, సగం కొత్తది మిగిలి లెక్క కలవదు. అక్కడ అయస్కాంత పూతకు ఏమీ కాలేదు, మళ్ళీ రాస్తే బాగానే పనిచేస్తుంది. రెండో రకంలో పూతే దెబ్బతింటుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు. 'బ్యాడ్ సెక్టార్లు రిపేర్ చేస్తాం' అని ఎవరైనా చెబితే, వాళ్ళు చేసేది మొదటి రకాన్ని తిరిగి రాయడం, లేదా రెండో రకాన్ని పక్కన పెట్టడం మాత్రమే అని గుర్తుంచుకోండి.

ఎందుకు చెడిపోతాయి

హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటాయి. 7,200 అంటే సెకనుకు 120 చుట్లు. వాటి మీద చదివే హెడ్ పళ్ళేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు. దీన్ని బట్టి ఆ సందు ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను మంచం మీద పడేసినా, పిల్లలు సీపీయూను కాలితో తన్నినా హెడ్ పళ్ళేనికి తగిలే ప్రమాదం ఉంది.

మోత్కూర్ లాంటి మన ఊళ్ళలో ఇంకో మూడు కారణాలు కలుస్తాయి. గాలివాన వస్తే కరెంటు పోయి రావడం, ఎండాకాలం మధ్యాహ్నాల వేడి, దుమ్ము. దుమ్ము డిస్క్ లోపలికి నేరుగా పోదు. కానీ సీపీయూ ఫ్యాన్, గాలి రంధ్రాలు మూసుకుపోతే లోపల వేడి పెరుగుతుంది. నెలకోసారి మెత్తని బ్రష్‌తో బయటి రంధ్రాలు శుభ్రం చేయడం, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టడం డిస్క్‌కు మేలు చేస్తాయి. డిస్క్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. లోపల ఒక్క దుమ్ము రేణువు పడినా చాలు.

మొదటి పని: కాపీ. రిపేర్ తర్వాత.

ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. డిస్క్ చెడుతోందన్న అనుమానం రాగానే చాలామంది చెక్‌డిస్క్ నడిపిస్తారు. అది ప్రతి సెక్టార్‌నూ చదివి చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కు అది ఇబ్బంది కాదు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి పరుగెత్తిస్తే మధ్యలోనే ఆగిపోవచ్చు. పైగా చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడానికి ఉంది, మీ ఫోటోలను కాపాడటానికి కాదు. చదవలేని ముక్కను వదిలేసి రిజిస్టరును చక్కబెట్టి తన పని అయిపోయిందంటుంది.

జ్వరంతో ఉన్న పిల్లవాడికి ముందు ఏం చేస్తామో, పరుగు పందెం ఎప్పుడు పెడతామో ఆలోచించండి. డిస్క్ విషయంలోనూ అంతే. ముందు కావాల్సినవి బయటికి తీయాలి.

ఈ వరుసలో చేయండి:

1. ఆ కంప్యూటర్‌లో కొత్త పనులు ఆపండి. గేమ్స్, సినిమా డౌన్‌లోడ్‌లు వద్దు.

2. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ తెచ్చుకోండి. అదే కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌లోకి కాపీ చేస్తే లాభం లేదు. చాలా ఇళ్ళలో సి, డి రెండూ ఒకే డిస్క్‌కు గీసిన రెండు భాగాలు. ఇల్లు కాలితే రెండు గదులూ కాలుతాయి.

3. మళ్ళీ సంపాదించలేనివి ముందు కాపీ చేయండి. ఫోటోలు, వీడియోలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ చివరికి.

4. మొత్తం ఒకేసారి లాగకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ కాపీ చేయండి. ఒక ఫైల్ దగ్గర ఆగితే 'స్కిప్' నొక్కి ముందుకు సాగండి. దాని పేరు కాగితం మీద రాసుకోండి. మంచివన్నీ బయటపడ్డాక మొండి ఫైళ్ళ సంగతి చూడవచ్చు.

5. కాపీ అయినవి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఫైల్ పేరు కనిపించినంత మాత్రాన ఫోటో వచ్చినట్టు కాదు.

లినక్స్ తెలిసిన వారు దగ్గరుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి అడగండి. అది డిస్క్ మొత్తాన్ని కాపీ తీస్తుంది. ముందు సులువుగా వచ్చే చోట్లన్నీ తీసుకుని, ఆ తర్వాతే చెడిన చోట్లకు తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే ఇవేవీ చేయకండి. వెంటనే ఆపేయండి. అది హెడ్‌లకు సంబంధించిన లోపం కావచ్చు. అందులో ఉన్నది మీకు నిజంగా విలువైనదైతే హైదరాబాద్ లాంటి నగరంలో క్లీన్‌రూమ్ ఉన్న డేటా రికవరీ వారికే చూపించాలి. ఖర్చు ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి. అంతకు ముందు ఆన్ చేసి చేసే ప్రతి ప్రయత్నమూ దొరికే అవకాశాన్ని తగ్గిస్తుంది.

రెండో పని: డిస్క్ నాడి చూడటం

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది. ఆ పద్ధతిని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ లెక్కలు చూడవచ్చు. అందులో నాలుగు వరుసలు చూస్తే చాలు.

05: కొత్త చోటుకు మళ్ళించిన సెక్టార్ల సంఖ్య.
సీ5: చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల సంఖ్య.
సీ6: పరీక్షించినా సరికాని సెక్టార్ల సంఖ్య.
సీ7: కేబుల్ దారిలో వచ్చిన తప్పులు. మొదటి మూడూ సున్నాలుండి ఇదొక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే. డెస్క్‌టాప్ అయితే డేటా కేబుల్ మార్చి చూడండి.

ఆ సాఫ్ట్‌వేర్ చివరి గడిలో చూపించే అంకెలు మామూలుగా పదహారు అంకెల పద్ధతిలో ఉంటాయి. అక్కడ 10 అని ఉంటే మన లెక్కలో 16. మీ పిల్లలు నంబర్ సిస్టమ్స్ పాఠం చదువుకుని ఉంటే వాళ్ళతోనే మార్పించండి.

ఈ అంకెలను ఎంత నమ్మాలి? 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పరీక్షలో మొదటిసారి చదవలేని తప్పు దొరికిన డిస్కులు, ఏ తప్పూ లేని వాటికంటే, తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని తేలింది. అదే పత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. పాడైపోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి.

ఈ రెండూ కలిపి చదవాలి. హెచ్చరిక కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కనిపించలేదని నిశ్చింతగానూ ఉండకూడదు.

మూడో పని: చెడిన చోట్లను పక్కన పెట్టడం

కాపీ చేతికి వచ్చింది, లెక్కలు చూశారు. ఇప్పుడు చెక్‌డిస్క్ నడపవచ్చు.

సులువైన దారి: 'దిస్ పీసీ' తెరిచి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. ఇది పైపై పరీక్ష. ప్రతి సెక్టార్‌నూ చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరవాలి. అందులో సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అనే ఆరు అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్ళీ ఒక ఖాళీ, ఆపై స్లాష్, ఆర్ కొట్టి ఎంటర్ నొక్కాలి. ప్రశ్నార్థకం ఉన్న కీ మీదే స్లాష్ ఉంటుంది. విండోస్ ఉన్న సి డ్రైవ్ అయితే తర్వాతిసారి కంప్యూటర్ ఆన్ అయినప్పుడు పరీక్షించమంటారా అని అడుగుతుంది. వై నొక్కి రీస్టార్ట్ చేయండి.

చివర్లో వేసిన ఆర్ అక్షరం చేసే పని ఇది. ప్రతి క్లస్టర్‌నూ చదువుతుంది. చెడినది దొరికితే అందులోంచి వచ్చినంత తీసి వేరే మంచి క్లస్టర్‌లో పెడుతుంది. చెడినదాన్ని బ్యాడ్‌క్లస్ ఫైల్ పేరు మీద రాసేస్తుంది. పెద్ద డిస్క్ అయితే చాలా గంటలు పట్టవచ్చు. రాత్రి మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకుండా, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద నడపండి. మధ్యలో స్విచ్ ఆపకండి.

చివరి నివేదికలో 'చెడిన సెక్టార్లలో ఇన్ని కేబీ' అనే వరుస ఉంటుంది. ఆ అంకెను తేదీతో సహా రాసిపెట్టుకోండి. సున్నా ఉంటే సంతోషం.

లినక్స్ వాడేవారికి ఇదే పని ఈ2ఎఫ్ఎస్‌సీకే అనే కమాండ్‌తో, చిన్న సీ అక్షరం జతచేసి చేయవచ్చు. పరీక్షించే డ్రైవ్ ఆ సమయంలో మౌంట్ అయి ఉండకూడదు. అది లోపల బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను విడిగా డబ్ల్యూ అక్షరంతో నడిపితే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. తెలియని కమాండ్‌ను చూసినచోటల్లా అతికించి నడపవద్దని పిల్లలకు చెప్పండి.

ఫార్మాట్ సంగతి కూడా ఇక్కడే తెలుసుకుందాం. క్విక్ ఫార్మాట్ రిజిస్టరును మాత్రమే కొత్తగా రాస్తుంది, చెడిన చోట్లను వెతకదు. ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాస్తూ పోతుంది. మొదటి రకం చెడిన చోట్లు దానితో సర్దుకుంటాయి, రెండో రకాన్ని పక్కన పెడుతుంది. దాని తర్వాత పాత ఫైళ్ళు మాత్రం ఉండవు. కాబట్టి ఎవరైనా 'ఫార్మాట్ కొట్టేద్దాం' అంటే ముందు మీరు అడగాల్సింది ఒక్కటే: కాపీ తీశారా?

ఇంకో చిన్న జాగ్రత్త. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లోకి క్లోన్ చేస్తే ఖరాబు గుర్తులు కూడా దానితో పాటే వస్తాయి. మంచి చోట్లు కూడా ఖరాబుగా కనిపిస్తాయి. అప్పుడు ఆర్ బదులు బీ అక్షరంతో చెక్‌డిస్క్ నడిపితే ఆ గుర్తులను మళ్ళీ పరీక్షించి సరిచేస్తుంది.

ఈ డిస్క్‌ను ఉంచుకోవాలా, తీసేయాలా?

వారం తర్వాత స్మార్ట్ లెక్కలు, చెక్‌డిస్క్ నివేదిక మళ్ళీ చూడండి. రెండు వారాల అంకెలను పక్కపక్కన పెడితే జవాబు తెలుస్తుంది.

పెండింగ్ సంఖ్య సున్నాకు వచ్చి, 05 వరుస పెరగకపోతే అది బహుశా కరెంటు పోవడం వల్ల వచ్చిన తప్పు. వాడుకోవచ్చు, నెలకోసారి చూస్తుండాలి.

కొన్ని చోట్లు చెడి సంఖ్య అక్కడే నిలిచిపోతే సినిమాలు, పాటలు లాంటివి పెట్టుకోండి. ఒకే కాపీ ఉన్న ఫోటోలు మాత్రం దాని మీద పెట్టకండి. చెడిన భాగమంతా ఒక మూలే ఉంటే ఆ మూలను వదిలేసి మిగతా దాంట్లో పార్టిషన్ చేసుకోవడం పాత పద్ధతి. పనిచేస్తుంది, కానీ అది విలువ లేని సామాను కోసమే.

సంఖ్య వారం వారం పెరుగుతుంటే మాత్రం పక్కన పెట్టడం ఇక లాభం లేదు. పొలంలో బండ ఉన్నచోటే ఉంటుంది. ఇది అలా కాదు, చవుడులా పాకుతోంది. డిస్క్ మార్చేయండి. బిల్లు తీసి వారంటీ ఉందేమో చూడండి.

పాత డిస్క్‌ను ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మళ్ళించిన చెడు చోట్లలో పాత సమాచారం మిగిలి ఉండవచ్చు. మామూలు ఫార్మాట్ అక్కడిదాకా చేరదు. ఆధార్ కాపీలు, బ్యాంకు పత్రాలు ఉన్న డిస్క్‌ను అమ్మకపోవడమే మేలు. పళ్ళేలు పనికిరాకుండా చేసి ఈ-వేస్ట్ తీసుకునే వారికి ఇవ్వండి.

ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, ఫోన్ సంగతి

కొత్త ల్యాప్‌టాప్‌లలో తిరిగే పళ్ళేలు ఉండవు, చిప్‌లు ఉంటాయి. ఫ్లాష్ చిప్‌లలో కూడా ఫ్యాక్టరీలోనే కొన్ని చెడు బ్లాకులు ఉంటాయి, వాటిని అక్కడే గుర్తు పెడతారు. వాడుతున్న కొద్దీ అరిగే బ్లాకులను లోపలి కంట్రోలరే పక్కన పెడుతుంది. ఇవి చప్పుడు చేయవు, చాలాసార్లు నెమ్మదించవు కూడా. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు కనిపించకుండా పోవచ్చు. అందుకే పిల్లల ప్రాజెక్టును ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని బడికి పంపడం మంచిది కాదు.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సులువైన లెక్క ఒకటుంది. ముఖ్యమైనది ఏదైనా మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. ఇంట్లో కంప్యూటర్, ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, మూడోది క్లౌడ్‌లోనో, అమ్మమ్మ వాళ్ళింట్లో ఇంకో డ్రైవ్‌లోనో ఉంటే చాలు. సర్టిఫికెట్ల కోసం 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన డిజిలాకర్ ఉంది. పదో తరగతి రాసిన పిల్లల ఖాతా ఇప్పుడే తెరిపించండి.

ఈ నెల ఇంట్లో చేయండి

గళ్ళ కాగితం మీద 10 వరుసలు, 10 నిలువులు గీసి 1 నుంచి 100 దాకా నంబర్లు వేయించండి. ఇది డిస్క్. పక్కన ఇంకో కాగితం రిజిస్టరు. మీ అబ్బాయినో అమ్మాయినో 20 అక్షరాల వాక్యం ఒకటి అనుకుని, గడికో అక్షరం చొప్పున ఎక్కడెక్కడో రాయమనండి. ఏ అక్షరం ఏ గడిలో ఉందో, గడి నంబర్లను రిజిస్టరులో వరుసగా రాయాలి.

ఇప్పుడు మీరు స్కెచ్ పెన్‌తో ఐదు గళ్ళు నల్లగా పూయండి. వాక్యం ఎంత మిగిలిందో చదివించండి. రిజిస్టరులో నంబర్లున్నాయి, అక్షరాలు లేవు. పోయినవి దాన్ని బట్టి తిరిగి రావని వాళ్ళే కనిపెడతారు. తర్వాత ఆ ఐదు నంబర్లను 'ఖరాబు' అని రాయించి, వాటిని దాటుతూ ఇంకో వాక్యం రాయించండి. ఇదే ఫైల్ సిస్టమ్ చేసే పని.

చివరగా అడగండి: రోజూ ఐదు గళ్ళు నల్లబడుతుంటే ఏం చేస్తావు? 'ఇంకో కాగితం మీద ముందే రాసి పెట్టుకుంటాను' అన్న జవాబు వస్తే పాఠం వచ్చినట్టే. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని ఇంటి ఫోటోల ఫోల్డర్‌ను ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ బాధ్యత పిల్లలకే అప్పగించండి. కాపీ చేసిన తేదీ గోడ మీది క్యాలెండర్‌లో రాయించండి.